పశువులకు, పక్షులకు వచ్చు వైరసు వ్యాధులు: పంచాయతీలు చేయదగిన పని

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగము)



నేను పశువైద్యుడను కాను, సమాచారశాఖ ఉద్యోగిని. మందుల పేర్లు, వాటి మోతాదులు పశువైద్యాధికారులు చెప్పవలసినవి గాని నేను చెప్పదగినవి కావు. నేను చెప్పదలచినది ఒక కబురును గూర్చి. ఊరిలో పశువునకో కోడికో జబ్బు చేసిన మొదటినాడు ఆ కబురు ఎవరికి చేరవలెను, ఎంత త్వరగా చేరవలెను, చేరకపోయినచో ఏమగును అనునదియే నా విషయము. కబురు చేరవేయుట మా శాఖవారి వృత్తి గనుక దీనిని గూర్చి మాటలాడుటకు నాకు కొంత హక్కు కలదనుకొందును.

మీలో పెద్దవారికి ముసర రోగము జ్ఞాపకముండును. పశువునకు జ్వరము వచ్చును. కన్నులవెంట, ముక్కువెంట నీరు కారును. నోట పుండ్లు లేచును. పిమ్మట దుర్గంధముతో విరేచనములు పట్టుకొని, వారము పదిదినములలో పశువు నేలకూలును. దొడ్డిలో ఒకదానికి సోకిన తక్కినవి మిగులుట అరుదు. దుక్కిటెద్దులు పోయిన రైతు ఆ ఏటి సేద్యముపై ఆశ వదలుకొనవలసినదే. ఈ రోగమును పరిశోధించుటకై 1889లో పూనాలో నెలకొల్పిన ప్రయోగశాలను 1893లో హిమాలయములలోని ముక్తేశ్వరమునకు తరలించిరి. అది ఊళ్ళకు ఎడమైన కొండ. అచ్చటినుండి రోగము బయటకు ప్రాకదని వారి ఆలోచన. 1920 తరువాతి సంవత్సరములలో ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు అచ్చటనే మేకలలో పెంచిన వైరసుతో పశువులకు టీకా తయారుచేసెను. 1954లో భారత ప్రభుత్వము దేశమంతట టీకాలు వేయు కార్యక్రమమును ఆరంభించెను. కోట్లకొలది పశువులకు టీకాలు పడినవి. రోగము చాలవరకు వెనుకంజ వేసినది; కాని పూర్తిగా పోలేదు. ముఖ్యముగా మన దక్షిణ రాష్ట్రములలో అచ్చటచ్చట రాజుకొనుచునే యుండెను. 1992లో ఐరోపా దేశముల సహాయముతో మరల గట్టి ప్రయత్నము జరిగెను. 1995లో తమిళనాడులో కనబడినదే మన దేశములో కడపటి ముసర.

ఇంతవరకు కథ అందరికిని తెలిసినదే. తరువాత జరిగినదానిని ఎవరును అంతగా చెప్పుకొనరు. రోగము కనుమరుగైన పిమ్మట ప్రభుత్వము టీకాలు వేయుట ఆపివేసెను. ఇది వినువారికి వింతగా తోచవచ్చును. కాని టీకా పడిన పశువు రక్తమును పరీక్షించినను, రోగము వచ్చి తగ్గిన పశువు రక్తమును పరీక్షించినను ఒకే గుర్తులు కనబడును. టీకాలు సాగుచున్నంత కాలము రోగము నిజముగా పోయినదో, టీకా మాటున దాగియున్నదో తేలదు. కనుక సూదిని ప్రక్కన బెట్టి, ప్రశ్నను చేతబట్టిరి. పశువైద్యశాఖ ఉద్యోగులు ఊరూర తిరిగి, సంతలలోను పశువులు నడచు బాటల వెంబడిని విచారించి, ‘నోట పుండ్లు లేచి, పారుడు పట్టి చచ్చిన పశువు ఏదైన కలదా?’ అని అడిగిరి. రైతులు, కాపరులు జవాబు చెప్పిరి. ఏండ్ల తరబడి ‘లేదు’ అను జవాబు వచ్చిన పిమ్మట, 2006లో భారతదేశము ముసర సోకని దేశమని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఒప్పుకొనెను. 2011లో ప్రపంచమంతట ఆ రోగము నిర్మూలమైనదని ప్రకటించిరి. మానవజాతి నిర్మూలించిన వ్యాధులలో మశూచికము మొదటిది, ముసర రెండవది. ఈ రెండవ విజయములో సగము టీకాది, సగము కాపరి నోటి మాటదని నా అభిప్రాయము.

ఇక మిగిలియున్న వ్యాధుల సంగతి. వైరసు అనునది కంటికి కానరాని అతిసూక్ష్మమైన రోగబీజము. 1898లో జర్మనీలో లోఫ్లర్, ఫ్రాష్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు గాలికుంటు పుండ్లలోని రసమును సాధారణమైన సూక్ష్మజీవులు దాటలేని జల్లెడగుండ వడగట్టి చూచిరి. వడగట్టిన రసమును ఎక్కించినను దూడలకు గాలికుంటు వచ్చెను. పశువులకు వైరసు వ్యాధి కలదని తేలినది అప్పుడే. వైరసు ప్రాణి శరీరములో తప్ప వేరొకచోట పెరుగజాలదు, కాని వేచియుండగలదు. చెప్పుల అడుగున, పాలబిందె అంచున, దాణాసంచి మడతలో, తడిసిన పెంటలో వేచియుండును. ఎండలో త్వరగా చచ్చును, నీడలోను చల్లని తేమలోను చాలకాలము నిలుచును.

గాలికుంటు అని పేరుపెట్టిన మన పూర్వుల పరిశీలనను నేను తక్కువచేయను. చలి, తేమగల దేశములలో ఆ వైరసు గాలివెంట మైళ్ళకొలది పోయిన సందర్భములు కలవు. కాని మన ఎండలలో గాలి చేయు పనికంటె సంత చేయు పని ఎక్కువ. నోట చొంగ కార్చుచు కుంటుచున్న ఎద్దును వదిలించుకొనవలెనని సంతకు తోలుకొనిపోవువాడు, ఒక్క దినములో పది ఊళ్ళకు రోగమును పంచిపెట్టును. పెద్ద పశువులు ఈ రోగముతో సాధారణముగా చావవు. అందుచేతనే దీనిని తేలికగా తీసికొనుట జరుగుచున్నది. పాలు పడిపోయిన గేదె తిరిగి మునుపటి పాడికి రాకపోవుటయు, కాలిగిట్టలు చెడిన ఎద్దు అరకకు పనికిరాకపోవుటయు లెక్కకు రావు. లేగదూడలకైతే వైరసు గుండెకు సోకి, ఏ పుండును కనబడకముందే ప్రాణము పోవును. అప్పుడు దిష్టి తగిలినదని అందురు!

2019లో కేంద్రప్రభుత్వము గాలికుంటు నివారణకు జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. ఆరునెలలకొకసారి ఉచితముగా టీకా వేయుదురు. ఇందు ఒక చిక్కు కలదు. ఊరిలోని పశువులలో సగమునకు టీకా వేయించి సగము విడిచినచో, వైరసునకు ఊరిలో నిలువ నీడ దొరకినట్లే. టీకా వేసిన రెండు మూడు దినములు పాలు కొంచెము తగ్గుననియు, చూడి పశువు ఈచుకొనిపోవుననియు భయపడి తలుపువెనుక కట్టివేయువారు ప్రతి ఊరనున్నారు. వారిపై కోపగించి లాభములేదు. టీకాకు రెండుదినముల ముందుగా చాటింపు వేయించి, పశువులను నిలుపుటకు కట్లబోను బాగుచేయించి, చూడి పశువుల సంగతి డాక్టరుచేతనే నలుగురిలో చెప్పించి, మొట్టమొదట సర్పంచిగారి పాడిగేదెను తోలుకొనివచ్చినచో తక్కినవి వెంటవచ్చును. నా అనుభవములో ఇంతకుమించిన ప్రచారసాధనము లేదు. మా శాఖ అచ్చువేయు గోడపత్రికలతో సహా.

పశువుల ఒంటిపై ముద్దలు లేచు చర్మవ్యాధి మన దేశమునకు క్రొత్తది. ఆఫ్రికాలోని జాంబియాలో 1929లో మొదట గుర్తింపబడి, 2019లో ఒడిశాలో బయటపడి, 2022లో రాజస్థాను, గుజరాతు మొదలగు రాష్ట్రములలో లక్షకు పైగా పశువులను పొట్టనబెట్టుకొన్నది. ఇది ముఖ్యముగా కుట్టు ఈగలు, దోమలు, పిడుదుల మూలమున వ్యాపించును. మేకల బొబ్బరోగపు టీకాయే దీనినుండి పశువులకు కొంత రక్షణ నిచ్చును. మురుగుకాలువలు, పెంటకుప్పలు పంచాయతీ పనియే గనుక ఈ వ్యాధిని గూర్చి మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

గొఱ్ఱెలకు, మేకలకు వచ్చు పారుడు రోగము ముసరకు దగ్గరి చుట్టము. మన దేశములో దీనిని 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామమున తొలిసారి గుర్తించిరి. ఒక్కసారి టీకా వేయించినచో మూడేండ్లవరకు భయములేదు. ఇంత చౌకగా తొలగు ఆపద మరియొకటి లేదు. అయినను మంద మంద చచ్చుచున్న వార్తలు ఏటేట వినబడుచున్నవి. ఏలయన మంద ఒకచోట నుండదు. పంటలు కోసిన పిమ్మట కాపరులు మందలను తోలుకొని జిల్లాలు దాటి వచ్చెదరు. రైతులు తమ పొలములలో మంద కట్టించుకొని ఎరువు పొందెదరు. ఇది ఇరువురకును మేలైన ఏర్పాటు, దీనిని ఆపవలెనని నేను అనను. మంద ఊరిలో అడుగుపెట్టినప్పుడు ‘టీకా ఎప్పుడు వేయించితివి అన్నా?’ అని ఒక్క మాట అడిగి, వేయించనిచో డాక్టరునకు కబురంపిన చాలును. సంతలో కొన్న జీవములను మూడు వారములు విడిగా కట్టవలెను. కొన్నవానికి ఇది తొందరలో తోచదు, చెప్పువారుండవలెను.

కోళ్ళకు వచ్చు కొక్కెర తెగులునకు మన దేశపు వాడుకలో రాణీఖేత్ అను మన ఊరి పేరే నిలిచిపోయినది. 1927లో కుమావూ కొండలలోని ఆ ఊర దానిని గుర్తించిరి. కోడి ముక్కుతెరచి గురకపెట్టును, ఆకుపచ్చగా రెట్టవేయును, మెడ మెలితిరుగును. ఒక వారములో పెరడు ఖాళీయగును. పెరటికోడి అనగా ఇల్లాలి చేతి డబ్బు. పిల్లవాని పలకయు, జ్వరమునకు మాత్రయు ఆ గంపక్రింది నుండియే వచ్చును. దీనికి టీకా కలదు, కంటిలోనో ముక్కులోనో చుక్క వేసిన చాలును. మరి ఏల వేయించుటలేదు? టీకా సీసాలో వందలకొలది కోళ్ళకు సరిపడు మందుండును. కలిపిన తరువాత కొద్ది గంటలలోనే వాడవలెను. ఎనిమిది కోళ్ళున్న ఇల్లాలు ఆ సీసాను ఏమి చేసికొనును? ఒకే దినమున వీధివీధి కోళ్ళను తెల్లవారుజామున గంపలు ఎత్తకముందే చేర్చగలిగినచో ఒక్క సీసా ఊరంతటికి సరిపోవును. ఇది ఒంటరిగా ఏ ఇంటివారును చేయలేని పని. పంచాయతీయు, మహిళా సంఘములును తలచిన ఒక ఉదయములో ముగియు పని.

ఇప్పుడు బర్డ్ ఫ్లూ. ఈ వ్యాధిని గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఏలయన దీనియందు భయము ఎక్కువ, తెలివిడి తక్కువ.

నీటిపక్షులలో, అనగా బాతులు, చెరువుబాతులు మొదలగు వాటి ప్రేగులలో, ఈ జాతి వైరసులు అనాదిగా ఉన్నవి. వాటివలన ఆ పక్షులకు సాధారణముగా జబ్బు చేయదు. రెట్టతో నీటిలో పడును, నీటినుండి మరియొక పక్షికి పోవును. ఇరుకుగా పెంచు కోళ్ళలో ప్రవేశించినప్పుడు కొన్ని వైరసులు స్వభావము మార్చుకొని ప్రాణాంతకములగును. నేడు ప్రపంచమును చుట్టియున్న వైరసు వంశము 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున పెంపుడు బాతులలో కనబడినది. మరుసటి సంవత్సరము హాంకాంగులో 18 మందికి సోకి ఆరుగురు మరణించిరి. అచ్చటి ప్రభుత్వము మూడుదినములలో ఇంచుమించు 15 లక్షల కోళ్ళను వధింపజేసెను. 2005లో చైనాలోని చింగ్‌హాయి సరస్సులో వేలకొలది అడవిపక్షులు చచ్చినవి. వాటిలో పట్టెతల బాతులు అనేకము. ఇవి చలికాలములో హిమాలయములు దాటి మన దేశమునకు వచ్చు పక్షులే. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూరు కోళ్ళఫారములలో మన దేశమున మొదటిసారి ఈ వ్యాధి బయటపడెను. 2021 ఆరంభములో హిమాచలప్రదేశములోని పాంగ్ జలాశయము వద్ద వలస బాతులు వేలసంఖ్యలో చచ్చిపడెను. మన రాష్ట్రములో 2024లో నెల్లూరు జిల్లాయందును, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలయందును కోళ్ళకు సోకినది. 2024లో అమెరికాలో పాడియావులకు కూడ ఇదే వైరసు సోకి, పాలయందు కనబడినది. పక్షుల వ్యాధి పక్షులకే పరిమితమని ఇక అనుటకు వీలులేదు.

ఇది విని కొందరు, ‘రోగము తెచ్చునది వలసపక్షులే గనుక వాటిని తరిమివేసిన సరి’ అందురు. ఈ మాట తప్పు. కొల్లేరునకు, పులికాటునకు పక్షులు వేల ఏండ్లనుండి వచ్చుచున్నవి. తేలినీలాపురము ప్రజలు పక్షులు రాని ఏడు ఊరికి మంచిదికాదని భావించి, తమ చెట్లపై వాటిని బిడ్డలవలె కాపాడుచున్నారు. తుపాకులు ప్రేల్చి, చెట్లు నరికిన పక్షులు చెదరి, ఒక చెరువులోని రోగమును పది చెరువులకు చేర్చును గాని తగ్గించవు. అడవిపక్షి రోగమును దూరదేశమునుండి తేగలదు; నిజమే. కాని ఒక ఫారమునుండి మరియొక ఫారమునకు చేర్చునది మనిషి. కోళ్ళను ఎత్తుకొనిపోవు లారీ చక్రములు, ఒక షెడ్డునుండి ఒక షెడ్డునకు తిరుగు గ్రుడ్ల ట్రేలు, తిరిగివాడు దాణాసంచులు, కోళ్ళను పట్టుటకు వచ్చు కూలివాని చెప్పులు - ఇవియే దానికి రెక్కలు. డెల్టాలో వరికోతలైన పిమ్మట రాలిన గింజలు ఏరుకొనుటకు బాతుల మందలను మడినుండి మడికి తోలుదురు. బాతు పైకి ఆరోగ్యముగా కనబడుచునే వైరసును రెట్టతో విడువగలదు. బాతులు దిగిన కుంటనీటిని కోళ్ళకు పెట్టరాదు. ఇక సంక్రాంతి పందెములు చట్టవిరుద్ధమని నేను చెప్పనక్కరలేదు. ఆ మూడుదినములలో ఎన్ని ఊళ్ళ పుంజులు ఒక్క బరివద్ద చేరునో మీకు నాకంటె బాగుగా తెలియును.

అన్నిటికంటె చెడ్డది చచ్చిన కోళ్ళను గోతాములలో కట్టి రాత్రివేళ కాలువలో విసరుట. గోతాము క్రింది ఊరి లాకువద్ద తేలును. కాకులు, కుక్కలు చీల్చును. కాకి మరునాడు మరియొక పెరటిలో వ్రాలును. ఈ పని చేయువానిని దుర్మార్గుడని తిట్టుట సులభము. వాని స్థితిని కూడ ఆలోచింపుడు. బ్యాంకు అప్పు నెత్తిన నున్నది. దినమునకు పది కోళ్ళు చచ్చుచుండినవి, నేడు వంద చచ్చినవి. కబురు చేసిన ఫారమంతయు పూడ్చెదరు, దాచిన సగమైన అమ్ముకొనవచ్చునని వాని లెక్క. ఈ లెక్క తప్పు. ప్రభుత్వము వధింపజేసిన ప్రాణముతోనున్న కోళ్ళకు నష్టపరిహారము లభించును. రోగముతో అదివరకే చచ్చినవాటికి లభింపదు. కబురు ఆలస్యమైన ప్రతిదినము పరిహారమునకు అర్హమైన కోళ్ళు తగ్గిపోవుచుండును. పరిహారము పెట్టుబడికి సరిరాదని రైతులనుటలో న్యాయము లేకపోలేదు. కాని కాలువలో పారవేసిన కోడికి అదియును రాదు. అదిగాక, వ్యాధి నిర్ధారణయైన చోటినుండి ఒక కిలోమీటరు లోపలనున్న కోళ్ళనన్నిటిని తొలగించి, పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంచుదురు. ఒకని మౌనమునకు చుట్టుప్రక్కల ఇల్లాండ్ర గంపలన్నియు వెలయిచ్చుకొనవలెను.

వ్యాధి వచ్చిన వెంటనే మరియొక అంటురోగము బయలుదేరును, అది వదంతి. ఇది మా శాఖవారికి వచ్చు జబ్బు. 2025లో కోడిమాంసము తినుటకు జనులు భయపడుటచే, రోగము సోకని జిల్లాలలో కూడ ధరలు పడిపోయెను. బాగుగా ఉడికించిన మాంసమునందు, గ్రుడ్డునందు వైరసు బ్రతుకజాలదు; 70 డిగ్రీల వేడి దానికి చాలును. మన వంటలలో కూర అంతకు మించియే ఉడుకును. అపాయము ఉడికిన కూరయందు లేదు, ముట్టుకొనుటయందున్నది. రోగపుకోడిని కోయుట, ఈకలు పెరుకుట, చౌకగా వచ్చినదని చావబోవు కోడిని తెచ్చికొనుట ప్రమాదము. పచ్చిమాంసమును పిల్లల నోటికి చేరనీయరాదు. మనుష్యులకు ఈ వ్యాధి సోకుట అరుదు, సోకినచో ప్రాణాపాయము. 2025లో మన రాష్ట్రముననే ఒక పసిబిడ్డ దీనికి బలియైనది. భయపెట్టుటకు కాదు, దాచరాదు గనుక చెప్పుచున్నాను. పంచాయతీ నోటీసుబోర్డుపై ఈ రెండు మాటలును ప్రక్కప్రక్కనే వ్రాయించుడు: ఉడికినది తినవచ్చును, చచ్చినది ముట్టరాదు.

కబురు ఎవరికి చేరవలెనో చట్టమే చెప్పుచున్నది. పశువుల అంటువ్యాధుల నివారణకై 2009లో చేసిన కేంద్ర చట్టము ప్రకారము, తన జీవమునకు జాబితాలోని వ్యాధి సోకినదని అనుమానము కలిగిన యజమాని ఆ సంగతిని గ్రామాధికారికిగాని గ్రామపంచాయతీకిగాని తెలుపవలెను. అచ్చటినుండి అది వ్రాతమూలకముగా సమీప పశువైద్యునకు పోవలెను. రోగపు జీవమును విడిగా కట్టుట యజమాని విధి. రోగముతో చచ్చినదని తెలిసియు కళేబరమును నదిలో, చెరువులో, కాలువలో వేయుట నేరము. అనగా రైతునకును డాక్టరునకును నడుమ చట్టము నిలిపిన మెట్టు మీరు. ‘అనుమానము’ అన్న మాటను గమనింపుడు. రోగమేదో తేల్చుట మీ పనికాదు, రైతు పనియుకాదు. దానికి నమూనాలు భోపాలులోని జాతీయ ప్రయోగశాలకు పోవును. ఎన్ని చచ్చినవి, ఏనాటినుండి, ఎవరి దొడ్డిలో - ఈ మూడు సంగతులు చాలును. గ్రామములోని పశుసంవర్ధక సహాయకునకు చెప్పవచ్చును, 1962 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఫోనుతో సరిపెట్టక కాగితము కూడ పంపి, తేదీతో పుస్తకమున వ్రాసియుంచవలెను. పరిహారము సంగతి వచ్చిననాడు రైతుపక్షమున నిలుచునది ఆ తేదీయే. కాకులో, కొంగలో ఒకచోట నాలుగైదు చచ్చిపడియున్నను ఇట్లే తెలుపవలెను. పిల్లలను దగ్గరకు పోనీయరాదు.

ఒక పని మాత్రము రోగము రాకముందే చేసికొనదగియున్నది. చచ్చిన జీవములను పూడ్చుటకు ఊరికి ఒక స్థలము కావలెను. ఆపద వచ్చిననాడు వెదకిన ప్రతివాడును తన చేనివద్ద వలదనును. కళేబరములు ఎండలో పడియుండును. నూతులకు, చెరువునకు, కాలువకు దూరముగా, నీరు నిలువని మెరకయందు కొన్ని సెంట్ల పోరంబోకును ఇప్పుడే చూచి, డాక్టరునకు చూపి, గ్రామసభలో తీర్మానము చేయించి ఉంచుడు. గొయ్యి నిలువులోతున ఉండవలెను. సున్నము చల్లి, పైన మూడడుగులకు తక్కువకాకుండ మన్ను వేయవలెను, లేనిచో కుక్కలు త్రవ్వును. మట్టి తవ్వు యంత్రము ఎవరిది, అర్ధరాత్రి పిలిచిన వచ్చునా, బాడుగ ఏ పద్దునుండి చెల్లించవలెను - వచ్చు సమావేశపు విషయసూచికలో ఈ మూడు ప్రశ్నలను వ్రాసికొనిపొండు.